నీట్ ఆప్షన్లు: ఎస్వీయూ లోకల్ పిల్లల కాలేజీ జాబితా మేం ఎలా రాస్తామంటే

నీట్ ర్యాంకుతో ఎంబీబీఎస్ కాలేజీల ఆప్షన్లు పెట్టే వారం రాగానే తిరుపతిలో తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఇదే: "సార్, ఎస్వీ మెడికల్ పైన రాసి అది రాకపోతే, కింద రాసిన కడప కూడా వేరేవాళ్లకు పోతుందా?" పోదు. ఈ ఒక్క భయంతోనే మంచి ర్యాంకున్న పిల్లలు తమకు రావలసిన కాలేజీ వదిలి రెండు మెట్లు కిందికి వెళ్లడం చూశాను. జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతూ, ఫలితాలు వచ్చాక మా పిల్లల పక్కన కూర్చుని జాబితాలు రాయించడం నాకు ఏటా ఉన్న పని. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ దెబ్బతింటారు అన్నది ఆ అనుభవం నుంచే రాస్తున్నాను.

ముందుగా కేటాయింపు ఎలా జరుగుతుందో తెలియాలి. కంప్యూటర్ మొదటి ర్యాంకు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితాలో మొదటి కాలేజీ చూస్తుంది. మీ కేటగిరీలో సీటు మిగిలి ఉంటే ఇచ్చేస్తుంది, లేకపోతే రెండోది, ఆపైన మూడోది. మీ జాబితా చివరి దాకా చూసిన తర్వాతే మీ వెనక ర్యాంకు దగ్గరికి పోతుంది. అంటే ఒకే కేటగిరీలో 50,000 ర్యాంకు అబ్బాయి కడపను మొదటి ఆప్షన్‌గా రాసినా, 49,999 ర్యాంకు అమ్మాయి నలభయ్యో ఆప్షన్‌గా రాసినా, ఆ అమ్మాయికి పైవేవీ దొరకకపోతే కడప సీటు ముందు ఆమెదే. మొదట రాసినందుకు అదనపు మార్కులేవీ లేవు.

కాబట్టి జాబితాలో వరుసను నిర్ణయించేది ఇష్టం ఒక్కటే. ఏది వస్తే ఎక్కువ సంతోషమో అది పైన. ర్యాంకు చూసి వరుస మార్చకూడదు. ర్యాంకు పనికొచ్చేది ఇంకోచోట: జాబితా ఎంత కిందిదాకా రాయాలో తెలుసుకోవడానికి. ఎక్కడ ఆపాలన్నది మాత్రం ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవలసిన విషయం. వస్తే చేరతాం అనుకున్న చివరి కాలేజీ కింద గీత గీయాలి. ఆ గీత కింద ఒక్క పేరు కూడా ఉండకూడదు. ఈ రెండూ పట్టుబడితే మిగతాదంతా సమాచారం సేకరించడమే.

సమాచారం అన్నప్పుడు మార్కులు పక్కన పెట్టేయండి. 2024లో సవరించిన ఫలితాల తర్వాత కూడా 720కి 720 వచ్చినవాళ్లు 17 మంది. 2025లో దేశం మొత్తం మీద అత్యధిక మార్కు 686. "పోయినేడు 600కి ఎస్వీ వచ్చింది" అని పక్కింటివాళ్లు చెప్పిన మాట ఈ ఏడు దేనికీ కొరగాదు. పరీక్ష రాసేవాళ్ల సంఖ్య రెండేళ్లలోనూ 20 లక్షలు దాటే ఉంది కాబట్టి ర్యాంకును ర్యాంకుతో పోల్చవచ్చు. అదీ ఒక ఏడాదితో కాదు, కనీసం మూడేళ్లతో. మధ్యలో కొత్త కాలేజీలు వస్తే ఆఖరి ర్యాంకు, అంటే సీటు దొరికిన చివరి విద్యార్థి ర్యాంకు, వెనక్కి జరుగుతుంది. 2023లో మన రాష్ట్రంలో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కాలేజీలు 150 సీట్ల చొప్పున మొదలైనప్పుడు అలాగే జరిగింది. మదనపల్లె, ఆదోనిలాంటి చోట్ల కాలేజీ వస్తుందన్న వార్త చూసి లెక్క మార్చుకోవద్దు. ఆ ఏటి సీట్ల పట్టికలో పేరు కనపడిన రోజే అది కాలేజీ.

తర్వాత తేల్చుకోవలసింది లోకల్. మన కన్వీనర్ కోటా (రాష్ట్రం ర్యాంకు ప్రకారం నింపే) సీట్లలో 85 శాతం ఆ ప్రాంతపు లోకల్ అభ్యర్థులకే. ఉమ్మడి చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధి, అంటే ఎస్వీయూ లోకల్. కృష్ణా, గుంటూరు, గోదావరి, ఉత్తరాంధ్ర, ప్రకాశం ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధి. మన పిల్లలు ఇంటర్‌కి విజయవాడ, గుంటూరు వెళ్తారు కదా, అక్కడే చిక్కు. నియమం ఇలా నడుస్తుంది. ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లూ ఒకే ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతానికి లోకల్. ఆ నాలుగేళ్లు రెండు ప్రాంతాల్లో పడితే ఆరో తరగతి నుంచి ఏడేళ్లు చూసి, ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడికి లోకల్. పదో తరగతి దాకా తిరుపతిలో చదివి ఇంటర్ విజయవాడలో చదివిన అమ్మాయికి ఐదేళ్లు ఇక్కడ, రెండేళ్లు అక్కడ. ఎస్వీయూ లోకలే, దిగులు లేదు. ఎనిమిది దాకా ఇక్కడ చదివి, ఫౌండేషన్ పేరుతో తొమ్మిదిలోనే విజయవాడ హాస్టల్లో వేస్తే నాలుగేళ్లూ అక్కడే గడిచిపోతాయి. ఆ పిల్లవాడు తిరుపతివాడే అయినా ఎస్వీ మెడికల్‌కు నాన్‌లోకల్. ఎనిమిదో తరగతి చివర్లో హాస్టల్ అడ్మిషన్ కట్టే తల్లిదండ్రులకు ఈ మాట ఎవరూ చెప్పడం లేదు. లాంగ్‌టర్మ్ కోచింగ్ ఎక్కడ తీసుకున్నా ఈ లెక్కలోకి రాదు.

చిత్తూరు, కుప్పం వైపు ఇంకో రకం చిక్కుంది. సరిహద్దు ఊళ్ల పిల్లలు వేలూరులోనో, బెంగళూరులోనో, చెన్నైలోనో చదువుతారు. వాళ్లకు ఇక్కడ మిగిలేది ఆ 15 శాతం అన్‌రిజర్వుడు వాటా. దానికి కూడా తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు నివాసం ఉన్నట్టు తహసీల్దార్ ఇచ్చిన ధ్రువపత్రం కావాలి. హైదరాబాద్‌లో ఇంటర్ చదివినవాళ్లు ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో లోకల్ పేరా చదవందే ఒక్క అడుగు కూడా వేయకూడదు. 2024 జూన్‌తో విభజన చట్టం పదేళ్ల గడువు ముగిసింది, పాత అన్నయ్యలు అక్కయ్యలు చెప్పే మాటలు ఇప్పుడు చెల్లవు.

శాతాలు సీట్లుగా మారితే ఎంత చిన్నవవుతాయో ఒకసారి వేసి చూడాలి. లెక్క సులువుగా ఉండడానికి 100 సీట్ల ప్రభుత్వ కాలేజీ అనుకుందాం. 15 సీట్లు ఆలిండియా కోటాకు, అంటే దేశంలో ఎవరైనా పోటీపడే వాటాకు పోతాయి. మిగిలిన 85లో 15 శాతం, అంటే సుమారు 13 అన్‌రిజర్వుడు. ఎస్వీయూ లోకల్‌కు మిగిలేవి 72. అందులో ఎస్సీలకు 15 శాతం అంటే 11, ఎస్టీలకు 6 శాతం అంటే 4, బీసీలకు 29 శాతం అంటే 21. ఆ 21 మళ్లీ బీసీ-ఏకు 7 శాతం, బీసీ-బీకి 10, బీసీ-సీకి 1, బీసీ-డీకి 7, బీసీ-ఈకి 4 చొప్పున విడిపోతాయి. బీసీ-డీ అబ్బాయికి తన కేటగిరీలో కనపడే సీట్లు ఐదు, వాటిలో మూడో వంతు ఆడపిల్లలకు. అందుకే "బీసీ కటాఫ్ ఎంత?" అని అడిగితే జవాబు లేదు. మీ కేటగిరీ, మీ ప్రాంతం, మీ జెండర్ మూడూ కలిసిన గడి ఒక్కటే చూడాలి.

ఆ గడి ఎక్కడ దొరుకుతుందంటే, డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రతి దశ తర్వాతా కాలేజీల వారీ కేటాయింపు జాబితాను పీడీఎఫ్‌గా పెడుతుంది. అందులో ఒక్కో విద్యార్థి ర్యాంకు, కేటగిరీ, లోకల్ ప్రాంతం, ఏ కోటాలో సీటు పడింది అన్నీ ఉంటాయి. యూట్యూబ్‌లో తిరిగే కటాఫ్ పట్టికలు వద్దు. వాటిలో సగం ఏ దశవో చెప్పవు. మేం ఒక పెద్ద నోటుబుక్కులో ఒక్కో కాలేజీకి ఒక్కో పేజీ కేటాయించి, మూడేళ్లవి మొదటి దశ ఆఖరి ర్యాంకు, చివరి దశ ఆఖరి ర్యాంకు పక్కపక్కన రాసుకుంటాం. రెండూ ఎందుకంటే, మొదటి దశలో పైర్యాంకు పిల్లలు ఇక్కడ కూడా సీటు పట్టుకుని ఉంటారు. వాళ్లు ఎయిమ్స్‌కో జిప్‌మర్‌కో వెళ్లాక సీట్లు వదులుతాయి. మొదటి దశలో రాని కాలేజీ రెండో దశలో రావడం మామూలే. ఆ జరుగుబాటు ఏ కాలేజీలో ఎంత ఉంటుందో నోటుబుక్కు చెబుతుంది.

నాకు దీనికంటే నమ్మకమైన పద్ధతి ఇంకొకటి ఉంది. విశ్వవిద్యాలయం ప్రొవిజనల్ మెరిట్ లిస్టు పెట్టిన రోజు అది దించుకుని, మీ పైన మీ ప్రాంతంలో మీ కేటగిరీ వాళ్లు ఎంతమంది ఉన్నారో ఒక్కొక్కరినీ లెక్కపెట్టండి. ఎక్సెల్ వచ్చినవాళ్లకు పది నిమిషాల పని, రాకపోతే పెన్సిలు పట్టుకుని ఒక సాయంత్రం. బీసీ-బీ, ఎస్వీయూలో మీరు 70వ మనిషి అనుకోండి. ఎస్వీయూ పరిధి కాలేజీలన్నిటిలో బీసీ-బీ లోకల్ సీట్లు కూడండి. పై 70 మందిలో మొదటి కొందరు ఓపెన్ సీట్లలోనే సర్దుకుంటారు కాబట్టి మీ అసలు స్థానం ఇంకా పైకి జరుగుతుంది. అలా ఓపెన్‌లో సీటు పొందగల బీసీ, ఎస్సీ విద్యార్థి తన కేటగిరీలో ఇంకా మెరుగైన కాలేజీ తీసుకుంటే, వదిలిన ఓపెన్ సీటు ఆ కేటగిరీ వాళ్లకే వెళ్తుంది. జీవో 550 అని అందరూ అనేది దీన్నే. ఆఖరి ర్యాంకులు పోయినేటి సంగతి చెబుతాయి, ఈ లెక్క ఈ ఏటి సంగతి చెబుతుంది.

ధ్రువపత్రాల దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది ఆలిండియా కోటా కేటగిరీ విషయంలో. మన సచివాలయంలో తీసిన కుల ధ్రువపత్రం రాష్ట్రానికి సరిపోతుంది. ఢిల్లీ నుంచి ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) నడిపే ఆలిండియా కౌన్సెలింగ్‌కు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కేంద్ర నమూనాలో వేరే తీసుకోవాలి. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు, ముందు అది చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే కావాలి, అంటే ఏప్రిల్ 1 తర్వాత తీసింది. కేంద్ర నమూనాలో 8 లక్షల ఆదాయంతో పాటు ఐదెకరాల పొలం, వెయ్యి చదరపు అడుగుల ఇల్లు లాంటి ఆస్తి షరతులూ ఉన్నాయి. నీట్ దరఖాస్తులో కేటగిరీ ఒకటి పెట్టి, చేతిలో పత్రం లేకుండా రిపోర్టింగ్‌కు వెళ్తే సీటు రద్దవుతుంది. పరీక్ష అయిన మర్నాడే సచివాలయానికి అర్జీ పెట్టండి. జూన్ చివర్లో అందరూ ఒకేసారి వస్తారు, తహసీల్దార్ లాగిన్‌లో అర్జీలు పేరుకుపోతాయి. ఆరు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు కూడా అప్పుడే తెచ్చుకోవాలి. చదివిన బడి మూతపడి ఉంటే ఎంఈవో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది, దానికి వారం పట్టవచ్చు.

ఇక జాబితాలు రెండు. ఎంసీసీది ఒకటి, విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానిది ఒకటి. రెండింటికీ వేరువేరుగా దరఖాస్తు చేయాలి. ఎంసీసీలో నమోదు చేసుకున్నాం, రాష్ట్రానికి అదే చాలు అనుకుని గడువు దాటించుకున్నవాళ్లు ఏటా కనపడతారు.

ఆలిండియా జాబితా చిన్నదిగా ఉండాలని నా అభిప్రాయం. మన పిల్లలకు ఆలిండియా కోటాలో దొరికేదానికంటే రాష్ట్రంలో లోకల్ వాటాతో దొరికేది ఎక్కువ సార్లు మెరుగ్గా ఉంటుంది. కాబట్టి అక్కడ రాయవలసింది, రాష్ట్రంలో మనకు ఖాయమనుకున్న కాలేజీ కంటే నిజంగా ఎక్కువ ఇష్టపడేవే. పైన ఎయిమ్స్‌లు, జిప్‌మర్, ఢిల్లీ మౌలానా ఆజాద్ లాంటివి. ఆ కింద మనకు దగ్గరివి: మద్రాస్ మెడికల్ కాలేజీ, స్టాన్లీ, కిల్పాక్, బెంగళూరు మెడికల్ కాలేజీ, హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ. తిరుపతి నుంచి చెన్నైకి మూడు, మూడున్నర గంటల ప్రయాణం, విజయవాడ కంటే దగ్గర. చిత్తూరు, నగరి, సత్యవేడు, కుప్పం పిల్లలకు అరవం మాట్లాడడం వచ్చు. తమిళనాడులో వార్డులో రోగితో మాట్లాడాలంటే మొదటి ఏడాది నుంచే అది పెద్ద అండ. ఉత్తరాది కాలేజీకి వెళ్లిన మన పిల్లలు రోగిని అడిగి హిస్టరీ (జబ్బు వివరాలు) తీసుకోవడానికి ఆరు నెలలు తడబడతారు. మంగళగిరి ఎయిమ్స్‌ను పైనే ఉంచండి, అది సొంత రాష్ట్రంలోనే ఉన్నా దానికి దారి ఎంసీసీయే.

ఇతర రాష్ట్రాల కాలేజీ రాసేముందు బాండు చదవాలి. మహారాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో ఎంబీబీఎస్ అయ్యాక ఏడాది సేవ చేయాలి, లేదంటే 10 లక్షలు కట్టాలి. రాష్ట్రాన్ని బట్టి ఏళ్లూ డబ్బూ మారతాయి. మధ్యలో చదువు మానేస్తే కట్టాల్సినది ఇంకొకటి. ఎంసీసీ సైటులో ప్రతి కాలేజీ పేరు పక్కనే ఫీజు, బాండు వివరాలు ఉంటాయి, తెరిచి చదివితే చాలు. వేలూరు సీఎంసీ చిత్తూరుకు గంట దూరమే అయినా అది ఎంసీసీ జాబితాలో ఉండదు. దాని దారి వేరు, ఆ కాలేజీ సొంత నోటిఫికేషన్ చూసి విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

రాష్ట్ర జాబితాలో ఎస్వీయూ లోకల్‌కు ప్రభుత్వ వరుస ఇది: తిరుపతిలో 1960లో మొదలైన ఎస్వీ మెడికల్ కాలేజీ, 1957 నాటి కర్నూలు, 2000లో వచ్చిన అనంతపురం, 2006 నాటి కడప, 2014 నాటి నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి, 2023 నాటి నంద్యాల. ఆడపిల్లలకు వీటితో పాటు తిరుపతిలోని స్విమ్స్ ఆస్పత్రికి అనుబంధంగా 2014లో మొదలైన శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల ఉంది. మగపిల్లలు సీట్లు కూడేటప్పుడు ఆ కాలేజీని కలపకూడదు. విశాఖ ఆంధ్ర మెడికల్, గుంటూరు, కాకినాడ రంగరాయ మనకు అన్‌రిజర్వుడు వాటాలోనే దొరుకుతాయి కాబట్టి ర్యాంకు చాలా ముందుండాలి. ఇష్టముంటే పైన రాయండి, రాకపోయినా నష్టమేమీ లేదని ముందే చెప్పాను.

వాటిలో ఏది పైన అన్నదానికి నేను చూసేది ఆస్పత్రి. కట్టడాలు కాదు, వాటి ముందు నిలబడే జనం. ఎస్వీ మెడికల్‌కు అనుబంధమైన రుయా ఆస్పత్రి ఓపీకి పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్లి ఒక గంట నిలబడితే తెలుస్తుంది, రాయలసీమ ఈ మూలంతా అక్కడికే వస్తుంది. పాముకాటు, పురుగుమందు, కాన్పుల్లో చిక్కులు, టీబీ, షుగరు పుండ్లు, పుస్తకంలో చదివింది మంచం మీద కనపడుతుంది. కర్నూలు పెద్దాస్పత్రి కూడా అంతే, రాయలసీమ పశ్చిమ భాగమంతా దానిదే. రెండోది, ఆ కాలేజీలో పీజీ సీట్లు ఏయే విభాగాల్లో ఉన్నాయి. పీజీలు ఉన్న విభాగంలో రాత్రి డ్యూటీలో కూడా నేర్పేవాళ్లు ఉంటారు. లేనిచోట హౌస్‌సర్జన్ మీద పని పడుతుంది, చెప్పేవాడుండడు. మూడోది హాస్టలు. కొత్త కాలేజీల్లో మొదటి రెండు మూడేళ్లు హాస్టలు, అనాటమీ హాలు, లైబ్రరీ పూర్తి కాకపోవచ్చు. వెళ్లి రెండో ఏడాది పిల్లలతో మాట్లాడండి. అనాటమీలో కోసి నేర్చుకునే బాడీలు (మృతదేహాలు) ఎన్ని, ఒక్కో బాడీ చుట్టూ ఎంతమంది, మంచినీళ్లు వస్తాయా, ఆడపిల్లల హాస్టలు నుంచి ఆస్పత్రికి రాత్రి ఎలా నడుస్తారు? ఈ నాలుగు ప్రశ్నలకు వచ్చే జవాబులు ఏ వెబ్‌సైటులోనూ ఉండవు. ఇంటికి దగ్గరన్నది నా దృష్టిలో చివరి కారణం. కానీ ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం బాగాలేక అదే మొదటి కారణమైన కుటుంబాలున్నాయి, వాళ్ల వరుస వాళ్లదే.

ప్రైవేటు కాలేజీల కన్వీనర్ సీట్లను చాలామంది మరిచిపోతారు. కుప్పం పీఈఎస్, చిత్తూరు అపోలో, నెల్లూరు నారాయణ, నంద్యాల శాంతిరామ్ లాంటి కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటావే. వాటికి ట్యూషన్ ఫీజు ఏడాదికి వేలల్లోనే, లక్షల్లో కాదు. హాస్టలు ఖర్చు మాత్రం ప్రైవేటుదే, అది కనుక్కుని రాయాలి. "ప్రైవేటు అంటే మనవల్ల కాదు" అని అవి వదిలేసి, చివరికి ఏ సీటూ లేక మళ్లీ లాంగ్‌టర్మ్‌కు పోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. మిగిలిన సగం సీట్లు, అంటే మొత్తంలో 35 శాతం బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్), 15 శాతం సీ కేటగిరీ (ఎన్నారై). వీటికి నోటిఫికేషన్ విడిగా వస్తుంది, దరఖాస్తు వేరే. బీ కేటగిరీ ఏడాదికి 12 లక్షల పైమాటే. 2023లో వచ్చిన కొత్త ప్రభుత్వ కాలేజీల్లో కూడా సెల్ఫ్ ఫైనాన్స్ (ఎక్కువ ఫీజు కట్టే) సీట్లు ఉన్నాయి. "ప్రభుత్వ కాలేజీయే కదా" అని మేనేజ్‌మెంట్ కోటా ఆప్షన్లలో నంద్యాల పెడితే, సీటు వచ్చాక అసలు ఫీజు తెలుస్తుంది.

ఇదే తప్పు ఎంసీసీలో ఇంకా ఖరీదైనది. అక్కడ ఒకే కాలేజీ నాలుగైదు వరుసల్లో కనపడుతుంది, పక్కన కోటా పేరు మారుతుంది. డీమ్డ్ విశ్వవిద్యాలయం పెయిడ్ సీటు, ఎన్నారై, మైనారిటీ వరుసలు అన్నీ ఒకేచోట ఉంటాయి. పేరు కాదు, కోటా గడి చదవాలి. డీమ్డ్ వాటికి ఏడాది ఫీజు 20 లక్షలు దాటేవే ఎక్కువ, డిపాజిట్టే 2 లక్షలు. మామూలు ఆలిండియా కోటాకు డిపాజిట్ జనరల్‌కు 10,000, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాలకు 5,000. ఆ 2 లక్షలు కట్టాక "కట్టాం కదా, నాలుగు పెడదాం" అనిపిస్తుంది. నాలుగున్నరేళ్ల చదువుకు ఫీజు, హాస్టలు, మెస్ కలిపి కాగితం మీద కూడి, ఆ మొత్తం ఎక్కడ నుంచి వస్తుందో రాసుకున్నాకే అటు అడుగు వేయండి.

రౌండ్ల సంగతికి వస్తే, గీత విలువ రౌండు రౌండుకూ పెరుగుతుంది. ఎంసీసీ మొదటి రౌండులో సీటు వచ్చి చేరకపోయినా పోయేదేమీ లేదు. రెండో రౌండులో వచ్చి చేరకపోతే డిపాజిట్ పోతుంది. మూడో రౌండులో వచ్చి చేరకపోతే డిపాజిట్‌తో పాటు ఆ ఏటి మిగతా కౌన్సెలింగ్ కూడా పోతుంది. ఆఖర్న మిగిలిపోయిన సీట్లకు జరిపే స్ట్రే రౌండులో వచ్చి చేరకపోతే మరుసటి ఏడాది నీట్ రాయనివ్వరు. అందుకని మొదటి రౌండు జాబితాను కొంచెం ధైర్యంగా రాయవచ్చు. రెండో రౌండుకు ముందు రోజు రాత్రి జాబితా మళ్లీ తీసి, ఒక్కో పేరు దగ్గర "ఇదే వస్తే రేపు పెట్టె సర్దుతామా?" అని అడగాలి. కాదనుకున్న పేరు కొట్టేయాలి. వచ్చిన సీటులో చేరి అప్‌గ్రేడ్‌కు ఒప్పుకుంటే, తర్వాతి రౌండులో పై ఆప్షన్ దొరికిన క్షణం పాత సీటు దానంతట అదే రద్దవుతుంది, వెనక్కి రాదు. అప్‌గ్రేడ్ జాబితాలో ఇప్పుడున్న కాలేజీ కంటే మెరుగైనవే ఉండాలి. తీరా ఎస్వీ మెడికల్‌లో చేరి, పాత జాబితానే మళ్లీ పెట్టి ఎక్కడో వేయి కిలోమీటర్ల అవతలికి కదిలినవాళ్లున్నారు. చేరకుండానే అప్‌గ్రేడ్ వస్తుందనుకోవడం ఇంకో తప్పు. రిపోర్టింగ్ గడువు దాటితే ఆ సీటు మీది కాదు.

రాష్ట్రంలోనూ ఆఖరి దశ సీటు వదిలితే నోటిఫికేషన్‌లో రాసిన మొత్తం కట్టాలి. చేరినవాళ్ల వివరాలు ఎంసీసీ, రాష్ట్రాలు పంచుకుంటాయి కాబట్టి చివరి రౌండ్లలో రెండు చోట్లా సీటు పట్టుకుని ఉండడం కుదరదు.

ఆప్షన్లు ఇంట్లోనే పెట్టండి, సెల్‌ఫోన్‌లో కాదు, కంప్యూటర్ మీద. నెట్ సెంటర్‌లో పెట్టక తప్పకపోతే మొబైల్ నంబరు, మెయిల్ ఐడీ పిల్లలదే ఇవ్వాలి. తొందరలో సెంటర్ వాళ్ల నంబరు ఇస్తే ఓటీపీ ప్రతిసారీ వాళ్ల దగ్గరికే పోతుంది, ఆదివారం షాపు మూసి ఉంటే మీ జాబితా మీ చేతిలో ఉండదు. ముందు కాగితం మీద వరుస పూర్తిగా రాసి, ఒకరు కోడ్ చదువుతుంటే ఇంకొకరు ఎక్కించాలి. ఆలిండియా జాబితాలో "గవర్నమెంట్ మెడికల్ కాలేజ్" అనే పేరుతో ఊరు మాత్రమే తేడాగా ఎన్నో ఉంటాయి, కోడ్ తప్ప నమ్మకూడదు. సేవ్ చేయడం వేరు, లాక్ చేయడం వేరు. గడువు దాటాక ఎంసీసీలో సేవ్ అయినవి వాటంతట అవే లాక్ అవుతాయి కానీ, చివరి గంటలో సైటు కదలదు. ఒకరోజు ముందే లాక్ చేసి ప్రింటు తీసి, కాగితంతో వరుస వరుసా పోల్చండి.

ఆ ప్రింటును ఒరిజినల్స్ ఫైలులోనే పెట్టాలి. ఫైలులో ఉండాల్సినవి: నీట్ అడ్మిట్ కార్డు, ర్యాంకు కార్డు, పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ పత్రాలు రెండు నమూనాల్లో, ఆధార్, నీట్ దరఖాస్తులో అతికించిన ఫొటోనే 8 కాపీలు, అన్నిటికీ నాలుగు జతల జిరాక్సులు. ఆలిండియా సీటులో చేరి ఒరిజినల్స్ అక్కడ ఇచ్చేస్తే, ఏయే పత్రాలు తీసుకున్నారో కాలేజీ ముద్రతో రసీదు అడిగి తీసుకోండి. రాష్ట్రంలో తర్వాతి దశ పరిశీలనకు పిలిచినప్పుడు ఒరిజినల్స్ చేతిలో లేకపోతే చూపించగలిగేది ఆ రసీదే.